రెండు సుద్ద గీతలు

బోల్టు దూరడం లేదు.

సేబెలో బండి కింద వెల్లకిలా పడుకుని, ఎడమ అరచేత్తో ఇరుసుని పట్టే ఇనుప చేతిని పైకి ఎత్తిపట్టి, కుడిచేత్తో బోల్టుని రంధ్రంలోకి తోస్తున్నాడు. ఎడమవైపు బోల్టులు పొద్దున మాట విన్నట్టు దూరిపోయాయి. కుడివైపు ముందుది ఎలాగో ఎక్కింది. వెనకది మాత్రం గోరు మందం తేడాతో ఆగిపోయింది. అతను చెయ్యి కొంచెం వదులు చేశాడు, మళ్లీ ఎత్తాడు. కణత మీది చెమట జారి చెవిలో పడింది. ఇక్కడ మండువేసవి అక్టోబరులోనే; ఆ ఎండకి మౌన్ ఊరంతా పెనంలా కాలుతోంది. వర్క్‌షాపు రేకుల కింద నీడ ఉందన్న పేరే గానీ, నేల మీది ఇసుక కూడా వేడిగానే ఉంది.

"కవేటూ, ఆ పలుగు ఇటు అందించు."

కవేటు నవ్వుతూ వచ్చాడు. ఆవుల్ని పెంచే హెరెరో తెగ మనిషి, పొడగరి. చేతిలో పని ఉన్నా లేకపోయినా నోటికి మాత్రం ఖాళీ ఉండదు.

"పలుగెందుకు ముసలాయనా? రేపు క్రేను కూడా తెమ్మంటావా?"

"మీ ఆవులకున్నంత బలం నాకింకా ఉందిలే. ఇలా ఇవ్వు."

"మా ఆవుల్ని అనకు. అవి దొడ్డి చూస్తే దారి అడక్కుండానే దూరతాయి, నీ బోల్టులా కాదు."

సేబెలో పలుగు ఆనించి బలంగా నొక్కాడు. రబ్బరు కిర్రుమంది. బోల్టు లోపలికి పోయింది. అతను కాసేపు కళ్లు మూసుకుని అలాగే పడుకున్నాడు. ఇలా బలవంతం చేయాల్సిన పని కాదిది. చేతుల్లో సత్తువ తగ్గిందనుకున్నాడు. అంతకు మించి ఆలోచించబుద్ధి కాలేదు.

బండి అతని మేనల్లుడు ఓతెంగ్ నడపబోయేది. పర్యాటకుల గుడారాలు, వంటసామాను, వంటవాళ్లను మోసుకుని సవూటీ అడవి దాకా పోవాలి. లోతు ఇసుకలోనూ నీటిమడుగుల్లోనూ కింద తగలకుండా బండి యజమాని దానికి పొడవాటి స్ప్రింగులు వేయించి ఎత్తు పెంచాడు. ఎత్తు పెరిగితే ముందు ఇరుసు తిరుగుతుంది. సైకిలు ముందు ఫోర్కు వాలుగా ఉంటేనే కదా చేతులు వదిలినా చక్రం తిన్నగా పోయేది. ఆ వాలు పోతే చక్రం ఎటు పోవాలో దానికే తెలియదు. పోయిన వాలుని తిరిగి తేవడానికి ఇరుసుని పట్టుకునే రెండు ఇనుప చేతుల్లో రంధ్రం ఒక పక్కకి జరిగిన రబ్బరు బుష్షులు ఎక్కించాలి. రంధ్రం ఏ పక్కకి జరగాలన్నదే అసలు పని. చెయ్యిని ఊడదీసి, బుష్షుల్ని నొక్కి ఎక్కించే ప్రెస్ మీద పడుకోబెడితే పైఅంచు ఏదో కిందిఅంచు ఏదో పోల్చుకోవడం కష్టం. అందుకే సేబెలో ఊడదీయకముందే, బండి కిందే, ఆకాశం వైపు ఉన్న అంచు మీద సుద్దతో ఒక గీత గీస్తాడు. ఊళ్లో ఇంకెవరూ అలా చేయరు. అతను చేసిన బండి మళ్లీ రిపేరుకి రాదని పేరు.

ఈ పొద్దున కుడివైపు ఇనుప చెయ్యిని ప్రెస్ దగ్గరికి తెచ్చి చూస్తే రెండు అంచుల మీదా గీతలున్నాయి.

ఒకటి బండి కింద గీసినట్టు గుర్తు. రెండోది ఎప్పుడు గీశాడు? నేల మీద పెట్టాక, గీయడం మర్చిపోయాననుకుని మళ్లీ గీశాడా? లేక ముందు గీసిందే తప్పని తోచిందా? రెండూ ఒకే చేతి గీతలు, రెండూ ఒకే పొడవు. చాలాసేపు ప్రెస్ ముందు నిలబడ్డాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి చూసి, ఒక గీతని పై గీత అనుకున్నాడు. బుష్షులు ఎక్కించేశాడు.

సేబెలో సన్నటి మనిషి. మోచేతుల దగ్గర చర్మం పాత తోలులా ముడతలు పడింది. నూనె మరకల చొక్కా ఎడమ చేతికి నల్లగుడ్డ ముక్క ఒకటి పిన్నీసుతో గుచ్చి ఉంది. భార్య కెబొన్యే పోయినప్పుడు అక్క గుచ్చింది, ఏడాది తిరిగేదాకా ఉండాలి. కెబొన్యే పోయినప్పటి నుంచి అతనికి చిన్న చిన్న సంగతులు అందడం లేదు. పెరట్లోకి వెళ్లి, ఎందుకు వచ్చానా అని నిలబడిపోతాడు. ఉడికిన గంజిలో మళ్లీ ఉప్పు వేస్తాడు. ఇల్లు ఖాళీ అయింది కదా, అలాగే ఉంటుందిలే అన్నారు అందరూ. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఆమెకి తెలుసు గనక అతనికి తెలియవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. అదే కారణం అయ్యుంటుందని అతనూ నమ్మాడు. కానీ సుద్దగీత కెబొన్యే పని కాదు.

ఓతెంగ్ మధ్యాహ్నానికి కొత్త చొక్కాలో వచ్చాడు. చేతిలో నూనె కారుతున్న మగ్విన్యా బూరెల పొట్లం ఉంది.

"మామా, ముందు తిను. నీ డొక్కలు చూస్తుంటే నీకే స్ప్రింగులు వేయించాలనిపిస్తోంది."

"నీ చొక్కా చూస్తుంటే పెళ్లికి పోతున్నట్టుంది."

"పెళ్లికంటే గొప్ప. పనికి పోతున్నా. రాత్రికల్లా సవూటీ దారిలో మబాబే చేరకపోతే ఈ పని ఇంకొకడి పాలవుతుంది. వాడెవడో కూడా తెలుసు, కంపెనీ గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు."

ఎండాకాలమంతా తిరిగి తిరిగి సంపాదించిన పని అది. ఓతెంగ్ ఇద్దరు పిల్లలు, అతని తల్లి అయిన సేబెలో అక్క, అందరూ దాని మీదే ఆశ పెట్టుకున్నారు. సేబెలో ఒక మగ్విన్యా తుంచి నోట్లో వేసుకున్నాడు. రుచి తెలియలేదు.

ఆ వర్క్‌షాపులో ఒక ఆచారం ఉంది. స్టీరింగు పని ఎవరు చేస్తే, మొదటిసారి బండి రోడ్డెక్కినప్పుడు వాళ్లే డ్రైవరు పక్కన కూర్చోవాలి. వర్క్‌షాపు యజమానురాలిని అందరూ బిడ్డ పేరుతో గొసేగో వాళ్లమ్మ అంటారు. అది ఆమె భర్త బతికున్నప్పుడు పెట్టిన పద్ధతి. బిగించినవాడికి తన బోల్టు మీద నమ్మకం లేకపోతే ఇంకెవడూ ఎక్కకూడదనేవాడు ఆయన. సేబెలో ఎక్కి కూర్చున్నాడు.

ఊరవతల షోరోబే దారిలో మట్టి గట్టిపడిన చోట ఓతెంగ్ వేగం పెంచి, స్టీరింగు మీంచి చేతులు తీశాడు. బండి కాసేపు తిన్నగా పోయింది. తర్వాత తాగినవాడిలా ఎడమకి ఒరిగింది, ఆగలేదు. అంచున మేస్తున్న గాడిద ఒకటి తలెత్తి చూసింది. ఓతెంగ్ చటుక్కున స్టీరింగు పట్టి తిప్పాడు.

"బండి గాడిదని పలకరిద్దామనుకుంది," అన్నాడు.

సేబెలో నవ్వలేదు.

"మళ్లీ వదులు."

ఈసారి కుడికి పోయింది. మూల తిరిగాక స్టీరింగు తిరిగి మధ్యకి రావాలి. రాలేదు, తిప్పిన చోటే ఉండిపోయింది. దాని తప్పేంటో అడిగితే చెప్పలేని మనిషిలా ఉంది బండి. సేబెలో ఒక్కొక్క బోల్టునీ తలచుకున్నాడు. కుడి చెయ్యి తిరగబడి ఉందా? లేక పొద్దున తిన్నగా దూరిపోయిన ఎడమదే తిరగబడిందా? లేక రెండూ సరిగ్గానే ఉండి, టైర్లలో గాలి తేడానా? ఒక్కొక్కటీ నిజమే అనిపిస్తోంది. వెనక ఎక్కబోయే వంటవాళ్లు గుర్తొచ్చారు. తారు రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు ఒక గుంత తగిలితే చాలు. చక్రాలకి వణుకు పట్టుకుంటుంది. ఇక బండి డ్రైవరు చేతిలో ఉండదు.

ఓతెంగ్ బండి ఆపాడు.

"మామా, ఇసుకలో చేతులు వదిలి ఎవడు నడుపుతాడు? గట్టిగా పట్టుకుంటా. నువ్వు బాగుందంటే బాగున్నట్టే."

సేబెలో నోరు తెరిచాడు. బాగుందనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అంటే ఓతెంగ్ నమ్ముతాడు, గొసేగో వాళ్లమ్మ నమ్ముతుంది, ఊరంతా నమ్ముతుంది. తను ఒక్కడే నమ్మడు. ఒడిలో ఉన్న తన చేతుల్ని చూసుకున్నాడు. అవి ఎవరివో అన్నట్టున్నాయి.

"తెలియడం లేదురా."

"ఏం తెలియడం లేదు?"

"రెండు గీతలున్నాయి. ఏది ముందు గీశానో తెలియడం లేదు."

ఓతెంగ్‌కి అర్థం కాలేదు. అర్థం కానట్టు మొహం పెట్టకుండా ఉండడానికి అద్దం సరిచేసుకున్నాడు. "సరే, వెనక్కి పోదాం," అన్నాడు.

వర్క్‌షాపులో, అందరూ వింటుండగా, సేబెలో అదే మాట మళ్లీ చెప్పాడు. గొసేగో వాళ్లమ్మ నీడ కోసం కట్టిన వల కింద కుర్చీలోంచి లేచింది.

"అలసిపోయావన్నా. కాసేపు కూర్చో."

"అలసిపోలేదమ్మా. కవేటుని చూడమను. నేను చూస్తే మళ్లీ అలాగే చూస్తాను."

కవేటు పానాలు అందుకున్నాడు. బండి కిందికి దూరాడు. కుడి చెయ్యి ఊడదీసి ప్రెస్ మీద పెట్టాడు. నలిగిన రబ్బరునీ, రెండు అంచుల మీది సుద్దనీ చూశాడు. అతను ఎగతాళి చేయకపోవడమే సేబెలోకి గుచ్చుకుంది.

"కుడిది తిరగబడింది, అంతే. ఇదేమంత పెద్ద సంగతి కాదు. నేనూ చేశాను ఒకసారి."

"ఎప్పుడు చేశావు?"

"చేశాన్లే."

అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

కవేటు బుష్షులు తీసి, తిప్పి ఎక్కించాడు. ఆ పనంతా సేబెలో పక్కనే నిలబడి చూశాడు. ప్రతి అడుగూ తెలిసిన పాటలా ఉంది, కానీ తర్వాతి మాట ఏమిటో కవేటు చేతులు కదిలాకే తెలుస్తోంది. వెనక బోల్టు వేళ్లతో తోస్తే దూరిపోయింది. పలుగు మీద ఎవరూ చెయ్యి వేయలేదు.

చక్రాలు బిగించాక ఓతెంగ్ పక్క తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"రా మామా."

సేబెలో ఒక అడుగు వేశాడు. ఆగాడు.

"చేసినవాడు కూర్చోవాలి."

"నువ్వే చేశావు ముసలాయనా," అన్నాడు కవేటు. "నేను ఒక పక్క సాయం పట్టానంతే."

సేబెలో తల అడ్డంగా ఊపాడు. గొసేగో వాళ్లమ్మ కూర్చోమనలేదు, వద్దనలేదు; గేటు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆచారం ఆమె భర్తది. కవేటు చేతులు తుడుచుకుని ఎక్కాడు. ఎరగని ఇంటికి వచ్చిన చుట్టంలా సీటు అంచున కూర్చున్నాడు. బండి దుమ్ము లేపుకుంటూ పోయింది.

షోరోబే దారిలో అదే చోట ఓతెంగ్ చేతులు వదిలాడు. బండి తిన్నగా పోయింది. మూల తిప్పి వదిలితే స్టీరింగు దానంతటదే మధ్యకి వచ్చి నిలిచింది. కవేటు కేక వేశాడు. ఓతెంగ్ కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు పక్క సీటు వైపు తిరిగి ఆగిపోయింది.

వాళ్లు తిరిగి వచ్చేసరికి సేబెలో లేడు. గేటు దగ్గర కాపలా మనిషి గోడ నీడలో కూర్చుని ఉన్నాడు.

"ఇప్పుడే పోయాడు. సెడీకి ఏ పక్కకి పోవాలి అని అడిగాడు. వేళాకోళం చేస్తున్నాడనుకుని నవ్వాను. ఆయన పుట్టిందీ ఉంటున్నదీ సెడీ పేటలోనే కదా." కాపలా మనిషి ఓతెంగ్ మొహం చూసి లేచి నిలబడ్డాడు. "నిజంగానే అడిగాడా?"

కవేటుని దింపి ఓతెంగ్ బండి తిప్పాడు. పాత వంతెన దగ్గర, ఇంటికి పోయే దారికి ఎదురుగా, సేబెలో రోడ్డు పక్క నిలబడి ఉన్నాడు. పిలిస్తే వచ్చి ఎక్కాడు. బాగా పోతోందిరా బండి, అన్నాడు. ఓతెంగ్ అతన్ని తన తల్లి దగ్గర దింపి, ఆ సాయంత్రమే మబాబే దారి పట్టాడు. మర్నాడు అక్క తమ్ముణ్ణి తన చేల దగ్గరికి తీసుకుపోయింది. సేబెలో మళ్లీ వర్క్‌షాపుకి రాలేదు.

సేబెలో వెళ్లిపోయిన ఆ సాయంత్రం, కాసేపటికే, కవేటు ప్రెస్ పక్కన ఊడ్చాడు. బల్ల మూల మీద సేబెలో ఎనామిల్ కప్పులో సగం తాగిన టీ ఉంది. తిరిగి వచ్చి తాగేవాడిలా, ఈగలు పడకుండా దాని మీద జాగ్రత్తగా బేరింగు మూత బోర్లించి పోయాడు. ముట్టుకుంటే కప్పు ఇంకా గోరువెచ్చగానే ఉంది.