ఖాళీగా మిగిలిన పై గీత

పొద్దుటినుంచి చిన్నకోడలికి కుదురు లేదు. బ్యాంకు వాళ్ళ మీటింగు గదిలో కుర్చీ మెత్తగానే ఉంది, అయినా ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది ఆమెకు. బల్ల కింద కాలు ఆడుతూనే ఉంది. ఎదురుగా కూర్చున్నది బ్యాంకు తరఫున ఒప్పందాలు రాసే పెద్దమనిషి. ఏ వాక్యం చూపించినా సగానికి కోసేస్తాడని పిండిమిల్లులో అందరూ ఆయనకు కత్తెర అని పేరు పెట్టారు. మనిషి చెడ్డవాడేం కాదు పాపం, ఆయన పని అలాంటిది.

సంగతి ఏమిటంటే, రొట్టెల బట్టీల వాళ్ళకు ఏడాది పొడుగునా పాత ధరకే పిండి ఇస్తామని మిల్లు మాటిచ్చేసింది. గోధుమ ధర చూస్తే రోజుకో మెట్టు ఎక్కుతోంది. అందుకే బ్యాంకుతో ఈ డెరివేటివ్ ఒప్పందం. ఒక ధర దగ్గర గీత గీస్తారు. బజారు ధర గీత దాటి పైకి పోతే తేడా బ్యాంకు మిల్లుకిస్తుంది, కిందికి జారితే మిల్లు బ్యాంకుకిస్తుంది. ఇవాళ్టి గీతకు గడువు సాయంత్రం అయిదు. అది దాటిందా, రేపటి ధర మోసే శక్తి మిల్లుకు లేదు. తలుపులు మూసుకోవడమే.

అన్నీ కుదిరాయి. డిఫాల్ట్ క్లాజు దగ్గరికొచ్చి బండి ఆగింది. కట్టాల్సిన రోజున కట్టకపోతే బ్యాంకు నోటీసిస్తుంది. ఆ తర్వాత ఒకే ఒక్క రోజు. అదీ దాటితే ఒప్పందం మొత్తం రద్దు.

"మూడు రోజులు చెయ్యండి సార్," అంది చిన్నకోడలు, పదోసారో పదకొండోసారో.

"అందరికీ ఒక్కరోజే మేడమ్. మీట నొక్కితే డబ్బు చేరిపోయే కాలం ఇది. మీకు మాత్రం మూడెందుకు?"

ఎందుకో ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది? మిల్లునుంచి పైసా కదలాలన్నా, ఏ కాగితం బయటికి పోవాలన్నా రెండు సంతకాలు పడాలి, ఆమె మామగారిదీ ఆయన అన్నగారిదీ. ఆ ఇద్దరికీ మాటల్లేక తొమ్మిదేళ్ళు. లారీలు తూచే కాటా గేటుకు కుడిపక్కన బిగిద్దామని ఒకరు, ఎడమపక్కనే అని ఒకరు, అక్కడ తెగింది. ఆ కాటా కొననే లేదు. ఇప్పటికీ లారీలు పక్క మిల్లుకు పోయి తూకం వేయించుకొస్తాయి. అప్పటినుంచీ ఒకరి సంతకం కింద ఇంకొకరు పెట్టరు. అసలే పెట్టరని కాదు, పెడతారు, కానీ వెంటనే కాదు. రెండోవారి బల్ల మీద కాగితం రెండు రోజులు పడుకోవాలి. అప్పుడుగానీ పౌరుషం చల్లారదు. ఇంతా చేస్తే రెండు గదులకూ మధ్య ఉన్నది ఒక్క గోడ!

"మా ఆఫీసు పద్ధతి అలాంటిది సార్."

కత్తెర కళ్ళజోడు తుడుచుకున్నాడు. "సరే, మూడిస్తాను."

కాలు ఆగింది.

"దానికి బదులు ఇంకో లైను. మీ పెద్దమావగారికి వేరే నూనెమిల్లు ఉంది కదా? అది ఎక్కడ ఏ బాకీ తప్పినా మీ ఒప్పందమూ తప్పినట్టే."

కాలు మళ్ళీ మొదలెట్టింది. నూనెమిల్లు రెండేళ్ళుగా ఒంటికాలి మీద నడుస్తోంది. అది తూలితే పిండిమిల్లూ కూలుతుంది, ఆ నింద బతికినన్నాళ్ళూ పెద్దాయన నెత్తిన ఉంటుంది. ఫోను పట్టుకుని బయటికొచ్చి లిఫ్టు నుంచి కిటికీకి, కిటికీ నుంచి లిఫ్టుకు నడుస్తూ మామగారికి చెప్పింది.

మిల్లు హోరుకు పైన ఆయన గొంతు గట్టిగా వినపడింది.

"మూడు రోజులు పోతే పోనీవే. ఒక్కరోజుకే ఒప్పుకో. అన్నయ్య మిల్లు పేరు మాత్రం అందులో ఉండకూడదు."

"మరి సంతకాలో మావయ్యా? ఒక్కరోజులో అయ్యే పనేనా?"

"అదే కదా నా తలనొప్పీను!" అని ఫోను పెట్టేశాడు.

ఆమె కాపురానికొచ్చి ఏడేళ్ళు. ఆ నోట 'అన్నయ్య' అన్న మాట వినడం ఇదే. ఇన్నాళ్ళూ 'ఆ గదాయన' తప్ప ఇంకో పిలుపు లేదు.

లోపలికి వచ్చి నిలబడే అంది. "ఒక్కరోజే ఉంచండి. నూనెమిల్లు లైను కొట్టెయ్యండి."

"పొద్దుట్నుంచీ మూడు మూడని నా ప్రాణం తోడేశారు కదా మేడమ్!"

"కొట్టెయ్యండి సార్, టైమైపోతోంది."

మిల్లుకు చేరేసరికి నాలుగుంబావు. కాగితం ముందు పెద్దాయన బల్ల మీద పెట్టింది.

"వాడు పెట్టాడా?" ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే.

"లేదు పెద్దమావయ్యగారూ." చెప్పకూడదనుకుంటూనే, కత్తెర అడిగిందీ మామగారన్నదీ ఒక్క గుక్కలో చెప్పేసింది.

"అన్నయ్య అన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"ఆ మాటే అన్నారు. నా మీదొట్టు."

పెద్దాయన కలం మూత తీశాడు. సంతకాలకున్న రెండు గీతల్లో పై గీత వదిలేసి, కింది గీత మీద సంతకం చేశాడు.

ఆమె ఇవతలి గదికి పరుగెత్తింది. మామగారు కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టి చూశాడు.

"పైన ఖాళీ ఏమిటి?"

"మీకోసం వదిలారు."

"బావుంది! పెద్దవాడు కిందా, నేను పైనా? చూసినవాళ్ళు నవ్విపోరూ? నేను పెట్టను."

"మావయ్యా, అయిదవుతోంది!" ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

ఆయన కాగితం తీసుకుని లేచి, తొమ్మిదేళ్ళుగా తొక్కని గడప దాటి అవతలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. చిన్నకోడలు గోడగడియారం కింద నిలబడి గోళ్ళు కొరుక్కుంది. లోపల అరుపులు.

"నోరు మూసుకుని పైన పెట్టరా!"

"పెట్టను. నువ్వు కొంచెం జరుగు, నీ పక్కనే పెడతా."

"సంతకం ఎలా జరుగుతుందిరా, మొద్దూ?"

"నీ సంతకం మొదట్నుంచీ అంతే, రైలుబండంత!"

అయిదుకు ఇంకా ఎనిమిది నిమిషాలుందనగా కాగితం బయటికొచ్చింది. స్కాన్ చేసి పంపిందో లేదో ఫోను మోగింది.

"మేడమ్, పై గీత ఖాళీగా ఉంది," అన్నాడు కత్తెర. "కింది గీత మీద ఇద్దరూ ఇరుక్కున్నారేమిటి?"

"చెల్లుతుందా చెల్లదా, అది చెప్పండి సార్."

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఎంతకీ ఆగదే! "చెల్లుతుంది," అన్నాడు చివరికి.

ఆమె అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. నోటీసొచ్చాక చేతిలో ఉండే గడువు ఒక్క రోజే. మొదటిసారి కట్టాల్సి వచ్చినా అది ఇంకో మూడు నెలలకు. అప్పటిదాకా అన్నదమ్ముల మధ్య ఈ మాటలు నిలిస్తే చాలు.

"అయినా ఆ కాటా కుడిపక్కనే బిగించాల్సింది," అన్నాడు లోపల పెద్దాయన.

"ఎడమపక్కన!" అన్నాడు మామగారు.

చిన్నకోడలు దిగ్గున లేచి తలుపు తోసింది.