ఆదివారం హాల్లోకొచ్చే చెట్టు

పెద్దకోడలికి తోడికోడలంటే అసూయ. ఈ మాట ఆమె ఎవరితోనూ అనదు, మనసులో కూడా అనుకోదు. మరీ అనుకోవలసి వస్తే "దానికి అన్నీ కలిసొస్తాయిలే" అని సరిపెట్టుకుంటుంది. చిన్నకోడలు వండితే అడిగి మరీ వడ్డించుకుంటారు. చిన్నకోడలు నవ్వితే అత్తగారూ నవ్వుతుంది. ఇవన్నీ ఎలాగో దిగమింగుకుంది గానీ, చెట్టు దగ్గర మాత్రం ఆమె వల్ల కాలేదు.

అత్తగారి పాత ఇంట్లో మెట్ల పక్కన ఫైకస్ అనే మర్రిజాతి చెట్టు ఒకటి ఉండేది. చిన్న చిన్న ఆకులు, నూనె రాసినట్టు నిగనిగలాడేవి. ఇల్లు అమ్మే ముందు ఆవిడ రెండు కొమ్మలకు అంటు కట్టి, వేళ్ళొచ్చాక కోసి, కోడళ్ళిద్దరికీ చెరో కుండీ ఇచ్చింది. ఇల్లు కొన్నవాళ్ళు తల్లిచెట్టును కొట్టేశారు. ఇక మిగిలినవి ఈ రెండే. చిన్నకోడలి దగ్గరున్నది గుబురుగా ఎదిగింది. పెద్దకోడలి దగ్గరున్నది ఆకులు రాలుస్తోంది. అది కాస్తా పోతే అత్తగారి చెట్టును చంపిన కోడలిగా మిగిలిపోతానని ఆమె భయం.

ఆమె బట్టలు కుడుతుంది. వెనక గదిలో కిటికీ పక్కన మిషను, దాని పక్కనే కుండీ. పొద్దున్నే దారప్పోగులతో పాటు ఆకుల్ని కూడా ఊడ్చుకోవడం అలవాటైపోయింది. దాహమేమోనని నీళ్ళు పోసింది. బలం చాలలేదేమోనని ఎరువు వేసింది. ఒక్క పురుగూ కనబడకపోయినా పురుగుల మందు కొట్టింది. ఈ ముద్దుమురిపెం తనకెప్పుడైనా దక్కిందా అని భర్త వేళాకోళమాడితే, నీకు ఆకులు రాలడం లేదు కదా అని నోరు మూయించింది. ఆయన బట్టతల తడుముకుని ఊరుకున్నాడు.

ఆదివారం వస్తే అందరూ పెద్దకోడలి ఇంట్లోనే కలుస్తారు. అత్తగారు కూర్చోకముందే చెట్టు వంక చూస్తుంది. అందుకని వాళ్ళు వచ్చేలోగా పెద్దకోడలు కుండీని బరబరా హాల్లోకి ఈడ్చి, బోడి కొమ్మలు గోడవైపుకు తిప్పి, మిగిలిన ఆకుల్ని తడిగుడ్డతో తుడిచి నిలబెట్టేది. హాలుకు కిటికీ లేదు. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ వెనక గదికి ఈడ్చేది. ఒకసారి అత్తగారు మామూలుగానే, చిన్నదాని ఇంట్లో చెట్టు పైకప్పు అందుకుంటోందని అంది. ఆ మాట వారమంతా పెద్దకోడలిని ముల్లులా గుచ్చుతూనే ఉంది.

చిన్నకోడలు చెట్టుకు రహస్యంగా ఏదో వేస్తోందని అనుమానం వచ్చింది. కుట్టిన జాకెట్లు ఇచ్చే నెపంతో తోడికోడలి ఇంటికి వెళ్ళింది. చెట్టు వాషింగ్ మెషీన్ పక్కన కిటికీలో ఉంది. మట్టిలో వేలు గుచ్చితే పైన పొడిపొడిగా తగిలింది. ఆకుల మీద దుమ్ము పేరుకుంది. ఒక కొమ్మకు బట్టలకు పెట్టే క్లిప్పులు కూడా వేలాడుతున్నాయి. మందూ లేదు, మాకూ లేదు. ఎవరూ పట్టించుకోకపోయినా అది పెరుగుతోంది. కష్టపడి పెంచి ఉంటే ఇంత కడుపుమంట ఉండేది కాదు.

తరవాత వారం మధ్యలో, చెప్పాపెట్టకుండా చిన్నకోడలే వచ్చింది. ఒక జాకెట్టు చేతులు బిగుతయ్యాయట. నేరుగా వెనక గదిలోకి వచ్చి, చెట్టును చూసి జాకెట్టు సంగతే మర్చిపోయింది. కింద పడిన ఆకులు ఏరి అరచేతిలో పెట్టుకుంది.

"ఇవి పండకుండానే రాలుతున్నాయి అక్కా. ఒక్కటీ పసుపు తిరగలేదు."

మట్టి తాకి చూసింది, నీళ్ళు కాస్త తగ్గించమంది. తరవాత ఆమె కళ్ళు నేల మీద పడ్డాయి. గచ్చు మీద కుండీ గీతలు గడప దాటి హాలు దాకా వెళ్ళాయి. వాటి వెంటే హాల్లోకి నడిచి, అక్కడి గోడను చూసి వెనక్కి వచ్చింది.

"దీన్ని జరుపుతున్నావా?"

"ఊడ్చేటప్పుడు."

"ఊడ్చడానికి హాలు దాకానా?"

పెద్దకోడలు కత్తెర పక్కన పడేసింది. దాచి లాభం లేదు.

"నీ చెట్టు ముందు నాది తీసికట్టుగా కనిపించకూడదని. నీకు అన్నీ ఉన్నాయి. ఇదొక్కటైనా నాకుంటే బాగుండనుకున్నాను. చాలా?"

చిన్నకోడలు ఏరిన ఆకుల్ని కుండీ అంచున పెట్టింది. తరవాత, ఈ చెట్టుకు చోటు మారితే చాలు, అలిగి ఆకులు వదిలేస్తుందని చెప్పింది. తాము ఇల్లు మారినప్పుడు తన చెట్టూ బోడిదైపోయిందట. ఇంకోసారి కదిపే ధైర్యం లేక మెషీన్ పక్కనే వదిలేసిందట.

"మా ఇంట్లో అత్తయ్య ఏమంటుందో తెలుసా? పెద్దకోడలైతే ఆకు ఆకూ తుడుస్తుంది, నీకు దుమ్ము దులిపే తీరిక కూడా లేదు అంటుంది."

పెద్దకోడలికి సిగ్గుగానే ఉంది. అయినా ఆ మాట విన్నాక ప్రాణం లేచొచ్చింది. ఇంకోసారి చెప్పమని అడగలేక జాకెట్టు చేతులు విప్పడం మొదలుపెట్టింది.

ఆదివారం హాలు మూల ఖాళీగా ఉంది. అత్తగారు కూర్చోకుండా నిలబడి, చెట్టేదని అడిగింది.

"నేనే దాన్ని లోపలే ఉంచమన్నాను అత్తయ్యా," అంది చిన్నకోడలు. "తప్పయితే నాదే."

అత్తగారి మొహం చిన్నబోయింది. ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. కానీ పెద్దకోడలు ఊరుకోలేకపోయింది. గుబురు చెట్టు దానికే, మంచి పేరు దానికే. ఆఖరికి తన తప్పు నెత్తిన వేసుకునే మంచితనం కూడా దానికేనా?

"అది కాదు అత్తయ్యా. మీకు చూపించాలని వారం వారం నేనే ఈడ్చి ఈడ్చి దాన్ని బోడి చేశాను. రండి, చూద్దురు గాని."

చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. చిన్నకోడలు కూడా వెనకే వచ్చింది. అత్తగారు మిషను స్టూలు మీద కూర్చుని, ఆకులు లేని కొమ్మల్ని ఒక్కొక్కటే చూసింది. తిట్టలేదు. ఒక కొమ్మ చివర సూదిమొనంత ఆకుపచ్చ చిగురు కనబడింది.

"పాపం, దీనికి ఎండ సరిగ్గా తగలడం లేదమ్మా," అంటూ కుండీ అంచు పట్టుకుని కిటికీ వైపు తిప్పబోయింది.

"తాకకండి అత్తయ్యా," అన్నారు కోడళ్ళిద్దరూ ఒక్క గొంతుతో.