నూకరాజు కడుపులో నేను చూసినవి

నేను ఒక గొట్టాన్ని. నల్లగా, చిటికెన వేలంత లావున, మనిషి నోట్లోంచి కడుపు అడుగుదాకా చేరేంత పొడుగున ఉంటాను. నా కొసన ఒక దీపం, ఒక కన్ను, ఒక సన్నటి కన్నం ఉన్నాయి. డాక్టర్లు నన్ను ఎండోస్కోపు అంటారు. జనం మాత్రం "గొట్టం పరీక్ష" అన్న మాట వినగానే గుటకలు మింగుతారు. తర్వాత మింగాల్సింది నన్నే కాబట్టి ఆ సాధన మంచిదే.

సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. తెల్లటి చేతితొడుగులు వేసుకున్న ఒకావిడ నా మెడని నాలుగు వైపులకీ వంచి చూసి, సరేనన్నట్టు తలూపి పెట్టెలో పడుకోబెట్టింది. నన్ను అంత మర్యాదగా చూసిన మనిషి మళ్ళీ తగల్లేదు. తర్వాత ఆరేళ్ళు హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో పనిచేశాను. సిఫారసులతో వచ్చినవాళ్ళనీ, వెనక నలుగురు మనుషుల్ని వేసుకొచ్చినవాళ్ళనీ చాలామందిని చూశాను. పైన ఎన్ని హోదాలున్నా లోపల అందరిదీ ఒకటే తోలుసంచి. నాకంటే చూపు మెరుగైనది ఇంకొకటి రాగానే నన్ను అమ్మేశారు. మనుషులకి చూపు తగ్గితే అద్దాలు పెడతారు, మాకు ఆ యోగం లేదు. అలా మండపేటలో ఒక రెండంతస్తుల ఆసుపత్రికి వచ్చిపడ్డాను.

ఇక్కడికొచ్చాక ఒక సంగతి తెలిసింది. ఈ మనుషులకి ఎన్ని రోగాలున్నా పేరు ఒకటే, గ్యాసు. గుండెల్లో మంట గ్యాసు, నడుం నొప్పి గ్యాసు, అల్లుడు అలిగి వెళ్ళిపోతే అత్తగారికి తన్నుకొచ్చేది కూడా గ్యాసే! వీళ్ళందరిలో నాకు బాగా గుర్తున్నవాడు నూకరాజు.

నూకరాజు పెళ్ళిళ్ళకి వంటమేస్త్రి. వెయ్యి విస్తళ్ళు లేచే పెళ్ళికైనా గరిటె నాలిక్కి తగిలించకుండా, వాసన చూసి ఉప్పు చెప్పగలడని అతనికి పేరు. యాభై రెండేళ్ళు వచ్చేదాకా ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. నాలుగు నెలలుగా రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది. అతని అన్న అప్పారావుకి కూడా ఇలాగే మొదలైంది. ఐదేళ్ళ కిందట అప్పారావు కడుపు క్యాన్సర్‌తో పోయాడు. అన్నదమ్ములిద్దరూ చిన్నప్పటినుంచీ ఒకే కంచంలో తిన్నవాళ్ళు, ఒకే పొయ్యి దగ్గర నిలబడినవాళ్ళు. తనకీ అదేనేమోనని నూకరాజు లోపల్లోపల హడలిపోతున్నాడు గానీ పైకి అనడు. అతని భార్య వీరకుమారే రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"బావగారి జబ్బే ఈయనకీ వచ్చిందేమో చూడండమ్మా. ఈ మనిషి అడగడు, నేనడుగుతున్నాను" అంది.

డాక్టర్ హైమావతి గారు తలూపి, "మందులేమైనా వాడుతున్నారా?" అని నూకరాజుని అడిగారు.

"ఒక్కటీ లేదండి. బీపీ లేదు, సుగరు లేదు. మందుబిళ్ళ మొహం ఎరగనండి."

నేను లోపలికి వెళ్ళాను. కడుపు గోడ గులాబీ రంగులో ఉండాల్సింది, ఎర్రగా కమిలి ఉంది. అడుగున కొన్నిచోట్ల పల్చబడి, బూడిదరంగు మచ్చలు తేలాయి. నా కన్నంలోంచి చిన్న పట్టకారు పంపి నాలుగైదు చోట్ల మెతుకంత ముక్కలు తుంచారు. ఒక ముక్కని పసుపుపచ్చ జిగురులో పెట్టారు. కడుపుని పుండు చేసే క్రిమి లోపల ఉంటే ఆ జిగురు గులాబీ రంగుకి తిరుగుతుంది. మర్నాటిదాకా చూసినా పసుపు పసుపులాగే ఉంది.

"క్రిమి కనబడలేదు, మిగతా ముక్కలు ల్యాబుకి పంపాను" అన్నారు డాక్టరమ్మ. నూకరాజు మొదటి సగమే విన్నాడు. సాయంత్రానికి ఆసుపత్రికి గిన్నెడు పూర్ణం బూరెలు వచ్చాయి. నన్ను కడిగే మేరీ రత్నం మూడు తింది.

పది రోజులకి ల్యాబు కాగితం వచ్చింది. కడుపులో వాపు, మంట ఏళ్ళ తరబడి ఉన్నాయనీ, కొన్నిచోట్ల కడుపు పొర తన తీరు మార్చుకుని పేగు పొరలా తయారైందనీ అందులో రాశారు. డాక్టరమ్మకి మింగుడుపడలేదు. ఇన్నేళ్ళుగా ఇల్లు కాలుతుంటే నిప్పు పెట్టినవాడు లేకుండా ఎలా ఉంటాడు? ఇద్దర్నీ మళ్ళీ పిలిపించారు.

"నిజం చెప్పండి, ఏ మందూ వాడట్లేదా?"

"వాడట్లేదండి, మా పిల్లల మీద ఒట్టు" అన్నాడు నూకరాజు.

వీరకుమారి అతని వైపు ఎగాదిగా చూసింది. "రోజూ పొద్దున్నే గ్యాసు బిళ్ళ వేసుకోకుండా టీ ముట్టరు కదా?"

"ఓసి నీ... అది మందేంటే? గ్యాసు బిళ్ళండి, ఆయ్! పదేళ్ళనుంచీ వేసుకుంటున్నాను. పొయ్యి దగ్గరుండే వాళ్ళందరం వేసుకుంటాం."

డాక్టరమ్మ నుదురు కొట్టుకున్నారు. తర్వాత నిదానంగా చెప్పారు. ఆ బిళ్ళ కడుపులో పులుపుని తగ్గించేస్తుంది. పులుపు తగ్గితే క్రిమి చావదు, అణిగిపోయి పరీక్షకి దొరక్కుండా ఉంటుంది. అది చిన్నతనంలోనే, ఇంట్లో ఒకరినుంచి ఒకరికి చేరుతుంది. దాన్ని తరిమేయాలని ఒళ్ళు ఏళ్ళపాటు పోరాడుతుంది, ఆ పోరాటమే ఈ మంట. గోడ పుండవుతుంది, మానుతుంది, మళ్ళీ పుండవుతుంది. అలా అతుకులేసుకుంటూ పోతే కొందరిలో ఆ అతుకు దారి తప్పి క్యాన్సర్ అవుతుంది.

"అందరికీ రాదు. వందమందిలో ఒకరికో ఇద్దరికో. మీ ఇంట్లో ఒకసారి వచ్చింది కాబట్టి మనం వదలకూడదు. రెండు వారాలు ఆ బిళ్ళ మానేసి రండి."

"నేనింకా నా మిరపకాయ బజ్జీల వల్లేమో అనుకున్నానండి" అన్నాడు నూకరాజు. తన వంట తప్పు కాదని తెలిసి కాస్త తెరిపిన పడ్డాడు.

మాఘమాసం, వరస ముహూర్తాలు. మంట భరించలేక మజ్జిగ తాగుతూ రెండు వారాలు గడిపాడు. రెండోసారి మేరీ రత్నం నన్ను కడగడం పూర్తయ్యేలోపే జిగురు గులాబీ రంగుకి తిరిగింది. క్రిమిని చంపడానికి పధ్నాలుగు రోజులు గుప్పెడేసి బిళ్ళలు మింగాడు. నోరంతా చేదెక్కి, ముక్కుకి వాసన కూడా అందక, ఉప్పుకీ పులుపుకీ తేడా తెలియక మేస్త్రి గుడ్లనీళ్ళు కుక్కుకున్నాడట. ఆ రెండు వారాలూ పందిట్లో వీరకుమారే రుచి చూసి చెప్పింది. పులుసు బాగుందని మగపెళ్ళివారు నూకరాజుని మెచ్చుకున్నారు!

ఏడాది తర్వాత మళ్ళీ వచ్చాడు. అప్పటికి నా మెడ మూడు వైపులకే తిరుగుతోంది. నేను చూసిన ఆఖరి కడుపు అతనిదే. క్రిమి పోయింది, ఎరుపు పోయింది. మారిన పొర మారినట్టే ఉంది గానీ పాకలేదు. క్యాన్సర్ లేదు. మూడేళ్ళకోసారి వచ్చి చూపించుకుంటే చాలన్నారు డాక్టరమ్మ. వీరకుమారి కొంగు నోటికడ్డం పెట్టుకుని భోరుమంది.

నూకరాజు మాత్రం బల్ల మీద కదలకుండా కూర్చున్నాడు.

"మా అన్నయ్యకీ ఇక్కడే చేశారండి, ఎనిమిదేళ్ళయింది. అప్పుడున్న డాక్టరుగారు పసుపే ఉంది, క్రిమి లేదన్నారు."

నాకు గుర్తే. ఆ కడుపులోనూ ఇదే ఎరుపు చూశాను. ఆ డాక్టరు గారు మందులు వాడుతున్నావా అని అడిగితే అప్పారావు కూడా లేదనే అన్నాడు. నాకు కన్ను ఉంది గానీ నోరు లేదు.

"అంతకుముందు నెల్లాళ్ళూ నా అట్టలోని గ్యాసు బిళ్ళలే ఇచ్చానండి. పరీక్ష రోజు పొద్దున్న కూడా, పరగడుపున మంటెడతందంటే నేనే తీసి నోట్లో వేశాను."

"తెలియక చేశారు. దానివల్లే పోయారని కూడా చెప్పలేం" అన్నారు డాక్టరమ్మ.

"తెలియకేనండి. అయినా చెయ్యి నాదే కదండి."

లేచి తలుపు తీశాడు. బయట బెంచీ మీద అప్పారావు భార్య సూరమ్మ కూర్చుని ఉంది. ఇన్నాళ్ళూ వాళ్ళతో ఒకే కుండలో వండుకు తిన్న మనిషి. నూకరాజే వెంటబెట్టుకొచ్చాడు.

"మందులేమైనా వాడుతున్నారామ్మా?" అని డాక్టరమ్మ అడిగారు.

"అబ్బే, ఏమీ లేవండి" అంది సూరమ్మ.

నూకరాజు ఆవిడ ముందు చెయ్యి చాపాడు. సూరమ్మ అతని మొహంలోకి చూసింది. తర్వాత బొడ్లోని సంచి విప్పి, సగం వాడిన బిళ్ళల అట్ట తీసి అతని అరచేతిలో పెట్టింది.

"రెండు వారాలాగి వద్దాం వదినా" అన్నాడు నూకరాజు.