రింగురోడ్డు మీద వెయ్యి కిలోమీటర్లు

మార్త బెంగళూరులో బందీ అయి నాలుగేళ్లు కావచ్చింది. చేతికి బేడీలు లేవు, గదికి తాళం లేదు. ఉన్నవల్లా బెయిలు కాగితంలోని రెండు వాక్యాలు. కోర్టు అనుమతి లేనిదే నగర పోలీసు పరిధి దాటరాదు. ప్రతి ఆదివారం ఉదయం పది గంటలలోపు స్టేషనులో హాజరై సంతకం చేయవలెను. ఈ రెండింటిలో ఏది తప్పినా బెయిలు రద్దవుతుంది.

ఆమె నర్సు. పని చేసిన నర్సింగ్ హోమ్‌లో ఇంజెక్షను పడిన గంటకు ఒక రోగి మరణించాడు. ఆ మందు ఇమ్మని డాక్టరు ఫోనులో చెప్పిన సంగతిని ఆమె గంటా నిమిషంతో సహా నోట్సులో రాసిపెట్టింది. పోలీసులు వచ్చేసరికి ఫైలులో ఆ పేజీ లేదు. దానిని చింపింది మార్తేనని యాజమాన్యం వాంగ్మూలం ఇచ్చింది. డాక్టరు వేరొక పేటలో ప్రాక్టీసు పెట్టుకున్నాడు. మార్తకు వాయిదాలు మిగిలాయి. నంద్యాలలో తండ్రి దానియేలు కన్నుమూసినప్పుడు వెళ్లి రావడానికి అనుమతి కోరింది. సమాధి చేసిన అయిదో నాడు అనుమతి వచ్చింది.

కేసు ఉన్న నర్సును ఏ ఆసుపత్రీ పనిలో పెట్టుకోదు. బెళ్ళందూరులో ఒక అపార్ట్‌మెంటులో, మంచం పట్టిన ఒక ముసలమ్మకు సేవ చేసే పని దొరికింది. ముసలమ్మ మనవడు ఓంకార్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బైకుల పిచ్చివాడు, ఒక క్లబ్బుకు కార్యదర్శి. 2003 సెప్టెంబరులో ఒకనాడు అతని బల్లమీద ఒక ఫారం కనిపించింది.

"ఇదేం కాగితం ఓంకార్?"

"మా క్లబ్ ఫారం సిస్టర్. ట్వెంటీఫోర్ అవర్స్‌లో వెయ్యి కిలోమీటర్లు. బండి నడపడం ఈజీ, ప్రూఫ్ కలెక్ట్ చెయ్యడమే తలనొప్పి. పెట్రోలు పోయించిన ప్రతి బంకులో టైము, మీటరు రీడింగు, బంకువాడి సంతకం. లాస్ట్‌లో డ్యూటీలో ఉన్న గవర్నమెంట్ ఉద్యోగి ఎవరైనా సాక్షి సంతకం పెట్టాలి. అది లేకపోతే డైరెక్ట్ రిజెక్టు."

మార్త ఫారాన్ని రెండుసార్లు చదివింది. రాసిన ప్రతి వరుస పక్కనా వేరొకరి సంతకానికి చోటు ఉంది. ఇటువంటి కాగితం మాయమైతే పదిమంది సాక్షులు మిగిలి ఉంటారు.

"నాకొకటి ఇయ్యి."

"మీరు సిటీ దాటకూడదు కదా?"

"ఊరు దాటల్లని ఇందులో యాడ రాసుండాది?"

ఓంకార్ ఫారం తిరగేసి చూశాడు. ఎక్కడా లేదు. "రింగ్ రోడ్‌లో రౌండ్లు కొడతారా? పదహారు రౌండ్లు దాటుతాయి సిస్టర్. పిచ్చెక్కిపోద్ది."

"నాలుగేండ్లుగా కొడతానే ఉండాను గదా. ఈసారి సంతకాలు పెట్టించుకుంటా."

బైకు ఆమెకు కొత్త కాదు. మిషను ఆసుపత్రి మందులు మోసుకుని పల్లెలు తిరిగిన తండ్రి, కూతురికి తన బండిమీదే నేర్పాడు. కొత్తదల్లా ఓర్పును కొలవడం. రెండు నెలలు ఆమె ఓంకార్ ఇచ్చిన బండిమీద సాధన చేసింది. ఒక ఆదివారం నాలుగు గంటలు, తరువాత ఎనిమిది, ఆ తరువాత పన్నెండు గంటలు సీటుమీద కూర్చుంది. రాత్రంతా తెరిచి ఉండే బంకులను గుర్తించింది, వాళ్ల దగ్గర రబ్బరు ముద్రలు ఉన్నాయో లేదో విచారించింది. రింగురోడ్డు మొత్తం నగర పోలీసు పరిధిలోనే ఉందని లాయరు వరూధిని చేత కాగితంమీద రాయించుకుంది. ముగింపును పోలీసు స్టేషనులోనే పెట్టుకుంది. ఆదివారం పది లోపల ఎలాగూ అక్కడ ఉండాలి; ఉద్యోగులూ అక్కడే ఉంటారు.

నవంబరులో ఒక శనివారం ఉదయం పది గంటలకు బెళ్ళందూరు బంకులో ఓంకార్ మొదటి సంతకం పెట్టాడు. మీటరు 18,240.

మొదటి రెండు రౌండ్లలో ఊరు కొత్తగా కనిపించింది. నాలుగో రౌండుకు ప్రతి బోర్డూ ముందే తెలిసిపోయింది. సిల్క్‌బోర్డు, బనశంకరి, నాగరభావి, హెబ్బాళ, మళ్ళీ సిల్క్‌బోర్డు. ప్రతి కూడలిలోనూ ఎడమవైపు ఒక రోడ్డు ఊరు విడిచిపోతూ ఉంటుంది. హోసూరుకు ఒకటి, మైసూరుకు ఒకటి, తుమకూరుకు ఒకటి. అక్కడికి రాగానే ఆమె చేయి తనకు తెలియకుండానే వేగం తగ్గించేది. లారీలూ బస్సులూ అటు మళ్ళిపోయేవి. ఆమె హ్యాండిలు కుడివైపుకు తిప్పుకుని, తన వలయంలో తాను మిగిలేది.

చీకటి పడ్డాక నాగరభావి బంకులో జోగయ్య అనే పనివాడు మూడోసారి ఆమెను చూసి గొట్టం పట్టుకుని నిలబడిపోయాడు.

"మళ్ళా వచ్చినావా అక్కా? దావలో ఏమన్నా పారేసుకున్నావా?"

"ఆఁ, పోయినాది. దొరికేదాకా తిరగల్ల. సంతకం పెట్టు."

"దొరికితే నాకూ చూపించు," అంటూ అతడు గడియారం చూసి, మీటరు చూసి, సంతకం చేశాడు.

తెల్లవారింది. నడుము కొయ్యబారింది, అరచేతులు మొద్దుబారాయి. ఆదివారం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు ఆమె హెబ్బాళ దాటింది. పదహారు రౌండ్లు ముగిశాయి. స్టేషను ఇక పద్నాలుగు కిలోమీటర్లు. అక్కడ రోడ్డు ఆగిపోయింది. ముందు గ్యాసు ట్యాంకరు బోర్లా పడింది. బండ్లన్నిటినీ దేవనహళ్ళి రోడ్డు మీదికి మళ్ళించి, పల్లెదారిన చుట్టు తిప్పి పంపుతున్నారు. ఆ దారి నగర పరిధి దాటుతుందని మార్తకు తెలుసు. వెనుక లారీల వరుస, పక్కన డివైడరు, ఎదుట చేయి ఊపుతున్న ట్రాఫిక్ పోలీసు.

"సార్, నేను ఊరు దాటకూడదు. కోర్టు ఆర్డరుండాది."

"కోర్టుకు చెప్పు, గ్యాసును ఆగమనమని. ముందుకు పోమ్మా, పో."

ఆమె పోయింది. బెంగళూరు గ్రామీణ జిల్లా మొదలయ్యే చోట ఉన్న బోర్డు దగ్గర బండి ఆపి, ఫారం తీసి, వంకర పోతున్న వేళ్లతో పద్నాలుగో వరుస రాసింది. 'ఉదయం 8.37. పోలీసువారి మళ్ళింపు వలన నగర పరిధి దాటితిని.' ఆ పోలీసు బెల్టు నంబరు కూడా వేసింది. నాలుగు కిలోమీటర్ల తరువాత తిరిగి పరిధిలోకి వచ్చిన సమయాన్ని దానిపక్కనే వేసింది.

తొమ్మిదీ నలభైకి స్టేషను చేరింది. మీటరు 19,259. వెయ్యీ పంతొమ్మిది కిలోమీటర్లు. ఆమె పిలవగా హెడ్ కానిస్టేబులు మునినారాయణప్ప బయటికి వచ్చి మీటరు చూశాడు, లోపలికి తీసుకుపోయి రిజిస్టరులో సంతకం చేయించాడు, టీ తెప్పించాడు. ఆ తరువాత కళ్లజోడు పెట్టుకుని ఫారం చదివాడు.

"ఇదేంది సిస్టరమ్మా? ఎల్లె దాటినానని నువ్వే రాసుకుండావే."

"దాటినాను గనక రాసినా."

"మావోళ్ళే గదా పంపించిండేది."

"అదీ రాసినా సార్."

అతడు గొంతు తగ్గించాడు. "చూడమ్మా. నేను సాక్షి సంతకం పెడితే ఇది సరిగ్గా ఉండాదని ఒప్పుకున్నట్ల. రేపు ఎవురన్నా అడిగితే నా ఉద్యోగానికొస్తాది, నీ బెయిలు పోతాది. ఈ ఒక్క వరుస కొట్టెయ్యి. కండ్లు మూసుకోని సంతకం పెడతా."

"కొట్టెయ్యను."

"పగలూ రాత్రీ తిరిగిండేది ఎందుకు మరి? సంతకం లేకుంటే నీ కాగితం చిత్తుకాగితమే గదా?"

అది నిజమే. ఒక్క గీత గీస్తే వెయ్యి కిలోమీటర్లు చెల్లుతాయి. గీయకపోతే ఆ పదమూడు సంతకాలూ వృథా. మార్త కొంతసేపు ఆ వరుసను చూసింది. తరువాత సాక్షి పేరు ఉండవలసిన ఖాళీలో నిదానంగా రాసి, ఫారాన్ని అతనివైపు తిప్పింది.

'ఉదయం 9.52. మీటరు 19,259 అని స్వయముగా చూచిన హెడ్ కానిస్టేబులు మునినారాయణప్పగారు, నేను పద్నాలుగో వరుస కొట్టివేయనందున, సాక్షి సంతకము చేయుటకు నిరాకరించిరి.'

"ఇది నిజమా, అబద్ధమా సార్?"

"నిజమే."

"అయితే నిజమని కింద సంతకం పెట్టండి."

మునినారాయణప్ప దానిని పైకి చదివాడు. "సంతకం పెట్టలేదని నేనే సంతకం పెట్టల్లా?"

పక్క బల్లమీది కానిస్టేబులు గంగన్న నవ్వాపుకోలేకపోయాడు. "పెట్టప్పా. ఒప్పుకోలేదని ఉండాది గదా, ఇంక నీకేం భయం?"

"మీరు దాచినారనే మాట రాదు," అంది మార్త. "రేపు దీని నకలు మా లాయరమ్మ కోర్టులో వేస్తాది. దాటినానని నేనే చెప్పుకుంటా."

మునినారాయణప్ప కళ్లజోడు తీశాడు. "లోపలెయ్యమని జడ్జిగారు అంటే?"

"ఎందుకు వేస్తా ఉండారో రాసిస్తారు గదా సార్. నాలుగేండ్లలో నాకు ఎవురూ రాసియ్యలేదు."

అతడు ఫారాన్ని తనవైపు లాక్కున్నాడు. తరువాత పెన్ను తీసుకున్నాడు. పేరూ, నంబరూ, గంటా నిమిషమూ వేసి, గంగన్న దగ్గరి ముద్రను సిరామెత్త మీద రెండుసార్లు అద్ది, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా నొక్కాడు.