ఫ్లాస్కు మూతంత తక్కువ

మా ఆయనది కళ్లజోళ్ల దుకాణం. ఆరు రోజులు ఊళ్లోవాళ్ల చూపు సరిచేస్తారు. ఏడో రోజు సముద్రం మీదికి వెళ్లి, జానెడు చేపను పట్టి, బారెడుగా చూసొస్తారు.

మా ఇంట్లో చేపల కొలతకి ఒక పద్ధతి ఉంది. భోజనాల దగ్గర ఆయన రెండు చేతులూ బార్లా చాపి "ఇంత" అంటారు. వచ్చినవాళ్లు ఆయన చేతుల వంక చూడరు, నా వంక చూస్తారు. నేను గరిటె కింద పెట్టి, నా రెండు అరచేతులూ దగ్గరగా తెచ్చి చూపిస్తాను. అసలు చేప అంత. ఆయన నొచ్చుకోరు. "నీళ్లలో ఉన్నప్పుడు పెద్దదే" అంటారు. కళ్లజోళ్లాయన మాట కాదనడానికి మనమెవరం?

అసలు పోటీ మా అన్నయ్యతో. అన్నయ్యది టైల్స్ వ్యాపారం, పైగా గాలాల క్లబ్బుకి అధ్యక్షుడు. వాళ్ల హాల్లో సోఫా పైన గోడకి ఒక మార్లిన్ ఉంది. మార్లిన్ అంటే ముక్కు బల్లెంలా పొడుచుకొచ్చిన పెద్ద సముద్రపు చేప. అన్నయ్య ఎప్పుడో పట్టి, లోపల దూది కూరించి, పైన వార్నిష్ పూయించాడు. సోఫాలో కూర్చున్నవాళ్ల నడినెత్తి మీదికి సరిగ్గా ఆ ముక్కు వస్తుంది. మా ఆయన ఎప్పుడెళ్లినా అన్నయ్య "రండి బావగారూ" అని అక్కడే కూర్చోబెడతాడు. వదిన వారానికోసారి స్టూలెక్కి దాని దుమ్ము దులుపుతుంది.

ఎనిమిదడుగుల రెండంగుళాలు. క్లబ్బు బోర్డు మీద అన్నిటికంటే పైన ఉన్న అంకె అదే. దాని కింద తన చేపను కాదు, దాని పైన తన చేపను రాయించుకోవాలని మా ఆయన కోరిక. ఆయనకి వేరే వ్యసనాలు లేవు కనుక నేనూ సర్దుకుపోయాను.

అయితే అన్నయ్య తన చేప గోడెక్కాక, పెద్ద చేపలు తగ్గిపోతున్నాయని క్లబ్బులో కొత్త నియమం తెచ్చాడు. తాను మేడెక్కి నిచ్చెన లాగేసుకున్నట్టు. నియమం మాత్రం మంచిదే. మార్లిన్ పడితే పడవలోకి లాగకూడదు. నీళ్లలోనే పడవ పక్కన పెట్టి కొలవాలి, వీపు మీద చిన్న గుర్తుబిళ్ల గుచ్చి వదిలేయాలి. కొలవడానికి క్లబ్బు ప్రతి సభ్యుడికీ గీతలు వేసిన నారింజరంగు తాడొకటి ఇచ్చింది. పట్టినవాడూ, పడవ నడిపే సరంగూ కాక ఇంకో మనిషి చూసి సాక్ష్యం చెప్పాలి. పొరపాటున చేప చచ్చిపోతే మాత్రం ఒడ్డుకి తెచ్చి తూకం వేయొచ్చు.

ఆ ఆదివారం, ఎప్పుడూ తోడెళ్లే పళ్ల డాక్టరుగారికి నడుం పట్టేసింది.

"నువ్వు రావే" అన్నారు మా ఆయన.

"నాకు లిఫ్టెక్కితేనే కడుపులో తిప్పుతుంది."

"సాక్షి లేకపోతే పెద్దది పడినా లెక్కలోకి రాదు."

"పడితే కదా!"

"పడుతుంది. అప్పుడు నువ్వు చెప్తే ఊరంతా నమ్ముతుంది. నేను చెప్తే నువ్వే నమ్మవు."

అందులో ఒక్క ముక్క కూడా కాదనలేకపోయాను. ఫ్లాస్కు నిండా టీ పోసుకుని బయల్దేరాను.

సముద్రం గురించి కవులు చాలా చెప్పారు. వాళ్లు ఒడ్డున నిలబడి చెప్పారని నా అనుమానం. ఒడ్డు కనుమరుగయ్యే వేళకి నేను కడుపులో ఉన్నదంతా సముద్రానికి సమర్పించుకుని, పడవ అంచు పట్టుకుని కూర్చున్నాను.

"ఎర బాగా వేశారమ్మగారూ" అన్నాడు సరంగు, చుక్కాని దగ్గర నుంచి. "ఇప్పుడొస్తాయి చూడండి."

అతని నోట్లో ఏముందో గానీ, కాసేపటికి మా ఆయన రీలు కీచుమని అరిచింది. దారం దెయ్యం పట్టినట్టు పరిగెత్తింది. దూరంగా నీళ్లు చీల్చుకుని నీలంగా ఒకటి పైకి లేచింది. లేచి, గాల్లో ఒళ్లు విదిల్చి, మళ్లీ పడింది. మా ఇంట్లో బీరువా మేడ మీంచి పడినా అంత చప్పుడు రాదు.

నా చేతులు వాటంతటవే చిన్న చేప కొలత చూపించడానికి లేచాయి. సగంలో ఆగిపోయాయి.

"చూశావా?" అని అరిచారు మా ఆయన.

"చూశాను."

"ఎంతుంది?"

"మీరు పట్టండి, తర్వాత చెప్తాను."

ఆ చేప మా ఆయన చేత మూడు చెరువుల నీళ్లు తాగించింది. ఆయన నడుముకి బెల్టు, బెల్టులో గాలం కర్ర, కర్రకి ఆయన వేలాడుతున్నట్టే ఉన్నారు. లాగుతారు, చుడతారు. చుట్టినదంతా అది ఒక్క దూకుతో వెనక్కి తీసుకుంటుంది. నేను ఆయన నెత్తిన నీళ్లు పోశాను, ముక్కు మీంచి జారుతున్న కళ్లజోడు తోశాను, ఫ్లాస్కు మూతలో టీ పోసి నోటికందించాను. పెళ్లయ్యాక ఆయనకి ఇంత సేవ చేసినట్టు గుర్తు లేదు. సగం తాగిన మూతను ఇంజను పెట్టె మీద పెట్టాను.

చివరికి చేప అలసింది. సరంగు చేతులకి తొడుగులు వేసుకుని, గాలం తాడు పట్టి పడవ పక్కకి తెచ్చాడు. గాలం దాని నోటి మూలన గుచ్చుకుని ఉంది, లోపలికి మింగలేదు. వీపంతా ముదురునీలం. పక్కలకి లేతనీలం చారలు, లోపలెవరో దీపం వెలిగించి ఆర్పుతున్నట్టు. పళ్లెమంత కన్ను తిప్పి నన్నే చూసింది.

"ఆడదమ్మగారూ" అన్నాడు సరంగు. "వీటిల్లో ఇంత పెద్దవన్నీ ఆడవే. మగవి ఎదగవు."

"మా ఇళ్లల్లోనూ అంతే" అన్నాను.

మా ఆయన సంచీలో చెయ్యి పెట్టారు. ఇటు వెతికారు, అటు వెతికారు. సంచీ బోర్లించారు. ముఖం మీద నెత్తురుచుక్క లేదు.

"తాడు" అన్నారు.

"ఏ తాడు?"

"కొలిచే తాడు. నారింజరంగుది."

ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. కిందటి వారం బట్టలారేసే తీగ తెగిందని నేను గోల పెడితే, ఆయన ఎక్కణ్నుంచో గట్టి తాడు తెచ్చి బాల్కనీలో కట్టారు. పడవవాళ్ల ముడి వేశానని మురిసిపోయారు కూడా. ఈపాటికి దాని మీద రెండు దుప్పట్లూ, ఆయన బనియన్లూ, నా లంగా ఆరుతూ ఉంటాయి.

సరంగు నవ్వు ఆపుకోవడానికి సముద్రం వైపు తిరిగాడు. "మీ పరిస్థితి తాడూ బొంగరం లేనట్టయింది సార్."

"పుట్టి మునిగింది" అన్నారు ఆయన.

"మునగలేదు. ఇదిగో కొక్కెం" అంటూ సరంగు కాలితో పడవ మూలనున్న పొడవాటి ఇనుప కొక్కేన్ని చూపించాడు. "ఒక్క పోటు. చచ్చిపోయిందని చెప్దాం. ఒడ్డున తక్కెడుంది, టేపుంది, ఫొటో తీయించుకోవచ్చు. మీ బావగారి సోఫా కంటే పెద్ద సోఫా కొనుక్కోండి."

మా ఆయన కొక్కెం వంక చూశారు. చేప వంక చూశారు. ఆ సోఫాలో కూర్చున్నన్నాళ్లూ నడినెత్తి మీద ఊగిన ముక్కు ఆయన కళ్లలో కనిపించింది. చారల్లో దీపం కాస్త తగ్గినట్టనిపించింది.

"అది కడుపుతో ఉంటే?" అన్నారాయన, ఎవరినీ అడగనట్టు.

"ఉండే ఉంటుంది" అన్నాడు సరంగు. "తేల్చండి సార్, ఎక్కువసేపు ఇలా పట్టుకుంటే అదే చచ్చిపోతుంది."

ఆయన కొక్కేన్ని కాలితోనే అవతలికి తన్నేశారు. "వదిలేద్దాం. కొలత లేకపోతే పోనీ."

ఆ 'పోనీ' అన్న తీరు విన్నాక నేనూరుకోలేకపోయాను. పడవ అంచు పక్కనున్న పొడవాటి బల్ల మీద వెల్లకిలా పడుకున్నాను.

"కళ్లు తిరుగుతున్నాయా?" అన్నారు కంగారుగా.

"నన్ను పెట్టి కొలవండి. తాడుకి గీతలున్నాయి, నేను గీతల్లేని తాడుననుకోండి. ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా?"

"కింది దవడ నుంచి తోక చీలిక దాకా."

తోక చీలిక దగ్గర నా కాలి బొటనవేళ్లు సరిపెట్టుకుని, చేతులు రెండూ తల పైకి చాపాను. దవడ ఇంకా అవతలే ఉంది. "ఆ ఫ్లాస్కు ఇలా ఇవ్వండి" అన్నాను. అందించారు. అడుగు పట్టుకుని తిన్నగా ముందుకి చాపితే, దాని బిరడా దగ్గర దవడ సరిగ్గా ఆగింది. ఇంత పెద్దదాని పక్కన పడుకుంటే నేను సన్నగా ఉన్నానని ఎన్నాళ్లకో అనిపించింది.

ఆయన గుర్తుబిళ్ల గుచ్చారు, గాలం ఊడదీశారు. సరంగు పడవను మెల్లగా నడుపుతుంటే, ఆయన దాని ముక్కు పట్టుకుని, నీళ్లు మొప్పల్లోంచి పారేలా పక్కనే నడిపించారు, జ్వరం తగ్గినవాళ్లని వసారాలో నడిపించినట్టు. చారల్లో మళ్లీ దీపం వెలిగింది. తోకతో ఒక్క చరుపు చరిచింది. ముగ్గురం తడిసి ముద్దయ్యాం. అది లేదు.

సాయంత్రం క్లబ్బులో అందరూ ఉన్నారు. మా ఆయన మాట పూర్తి కాకముందే నవ్వులు మొదలయ్యాయి.

"తాడేదీ బావగారూ?" అన్నాడు అన్నయ్య, తేనె పోసినట్టు.

"బాల్కనీలో."

"బాల్కనీలో ఏం చేస్తోంది?"

"నా లంగా మోస్తోంది" అన్నాను. "ఇంకేమైనా అడగాలా అన్నయ్యా?"

పళ్ల డాక్టరుగారు పట్టేసిన నడుం మరిచిపోయి నవ్వి, మళ్లీ పట్టేయించుకున్నారు. అన్నయ్య చేయి పైకెత్తాడు. "సరే, సాక్షి మా చెల్లాయి. అది చెప్తే నాకేం అభ్యంతరం లేదు." చుట్టూ చూసి కన్నుకొట్టాడు. నేను ఎప్పటిలాగే సగానికి మడుస్తానని అతని ధీమా.

పడవలో ఎలా కొలిచామో చెప్పాను. రెండు పేకాట బల్లలు కలిపారు. నేను వాటి మీద పడుకున్నాను. గౌరవనీయులైన క్లబ్బు సభ్యులంతా చుట్టూ నిలబడ్డారు. చచ్చాక ఎలా ఉంటుందో ముందే చూపించారు.

"చేతులు బాగా చాపమ్మా" అంది వదిన. "పడవలో ఎంత చాపావో అంతే చాపు."

నేను అంతే చాపాను. వెంట్రుకవాసి కూడా సాయం చేయలేదు. ఎవరో ఫ్లాస్కు తెచ్చి నా చేతుల్లో పెట్టారు. అన్నయ్య తన టైల్స్ కొలిచే టేపు తీసి, కాలి వేళ్ల నుంచి ఫ్లాస్కు కొస దాకా లాగాడు. లాగి, మళ్లీ లాగాడు.

"ఎనిమిదడుగుల మూడంగుళాలు" అన్నాడు. గొంతులో తేనె ఇంకిపోయింది.

క్లబ్బు మారుమోగింది. పళ్ల డాక్టరుగారు బోర్డు దగ్గరికి సుద్దముక్క పట్టుకెళ్లారు. నేను ఫ్లాస్కు వంక తలెత్తి చూశాను. దానికి మూత ఉంది. వచ్చేటప్పుడు నేనే కడిగి బిగించాను. పడవలో కొలిచినప్పుడు ఆ మూత ఇంజను పెట్టె మీద, సగం టీతో ఉంది.

మూత రెండంగుళాలు. మూతతో అయితే అన్నయ్య కంటే అంగుళం ఎక్కువ. లేకపోతే అంగుళం తక్కువ.

ఇన్నేళ్లుగా ఆయన చేపల్ని నిర్దాక్షిణ్యంగా కత్తిరించిన దాన్ని. ఆ క్షణాన నా నోటికి తాళం పడింది. ఆయన ముఖం చూశాను. పెళ్లిచూపుల్లో కూడా అంత వెలగలేదు. పోనీలే, రెండంగుళాలే కదా, పైగా మూత కూడా ఫ్లాస్కులో భాగమే కదా అని వకాల్తా పుచ్చుకుంటున్నాను.

"ఆగండి" అన్నారు మా ఆయన.

సుద్దముక్క ఆగింది.

"కొలిచినప్పుడు ఫ్లాస్కుకి మూత లేదు. దాంట్లో నేను టీ తాగాను."

జీవితంలో ఒక్క చేపనైనా అసలు కొలతతో ఒడ్డుకి తేని మనిషి, తనంతట తాను రెండంగుళాలు కోసేశారు.

"అదేమిటండీ" అన్నాను పడుకునే. "ఎవరడిగారు మిమ్మల్ని?"

"ఇది నిజంగానే పెద్దదే" అన్నారాయన సిగ్గుపడుతూ. "దీనికి నా సాయం అక్కర్లేదు."

అన్నయ్య మూత విప్పి మళ్లీ కొలిచాడు. ఎనిమిదడుగుల ఒకటి. బోర్డు మీద తన అంకె కిందే రాయించాడు. అయితే ఒక విచిత్రం జరిగింది. ఎవ్వరూ నవ్వలేదు. రాసిన అంకెను ఎవ్వరూ సందేహించలేదు. పళ్ల డాక్టరుగారైతే వచ్చి చేయి కలిపారు.

"అంగుళమే బావగారూ" అన్నాడు అన్నయ్య, తేనె మళ్లీ ఊరుతుండగా. "అంగుళంలో తప్పిపోయింది."

నేను బల్ల మీంచి దిగి, చెప్పులు వేసుకున్నాను. "అన్నయ్యా, నీ చేప కిందటేడు ఎంతుంది?"

"ఎనిమిదడుగుల రెండు."

"వచ్చే ఏడు?"

"అదేం ప్రశ్న? అంతే ఉంటుంది."

"ఈయన చేప ఈపాటికి భోంచేస్తూ ఉంటుంది."

వదిన వెనక నుంచి నెమ్మదిగా అంది: "దానికి దుమ్ము కూడా దులపక్కర్లేదు."

తర్వాతి ఆదివారం మా ఇంటికి భోజనానికి నలుగురొచ్చారు. మా ఆయన సంగతంతా చెప్పి, రెండు చేతులూ బార్లా చాపి "ఇంత" అన్నారు. అలవాటు ప్రకారం అందరూ నా వంక చూశారు.

నేను గరిటె కింద పెట్టాను. ఆయన దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ పట్టుకుని, ఇంకాస్త దూరం జరిపాను.

"వారమైందిగా" అన్నాను. "పెరిగి ఉంటుంది."