పెద్దక్క పక్కన ఒక రోజు

ఆమె ఇంటీరియర్ డిజైనర్. సొంతంగా ఒప్పుకున్న మొదటి పెద్ద పని, ఒక ఆసుపత్రివాళ్ల ఫోన్ విభాగం. అక్కడ పన్నెండు మంది రోజంతా రోగుల ఇళ్లకు ఫోన్ చేసి పరీక్షల ఫలితాలు చెబుతారు. ఒక్కొక్కరిదీ ఒక్కో ఇరుకు గది. అందరూ కలిసిమెలిసి పనిచేసేలా మార్చమని మేనేజరు అడిగాడు. ఆమె గోడలన్నీ కొట్టించి ఒకటే హాలు చేసింది. నిండా వెలుతురు, పొడవాటి బల్లలు. చూసినవాళ్లంతా మెచ్చుకుంటే ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు.

మూడు వారాలకు మేనేజరు ఒకసారి వచ్చి చూడమన్నాడు. వెళ్లేసరికి హాలు సగం ఖాళీ. ఒకాయన మెట్ల మీద కూర్చుని ఫోన్ మాట్లాడుతున్నాడు. ఒకమ్మాయి స్టోరు రూములో కాగితాల కట్టల మధ్య నిలబడి గుసగుసగా ఎవరికో ధైర్యం చెబుతోంది. డిజైనరుకు తల కొట్టేసినట్టయింది.

అందరికంటే సీనియర్‌ని అక్కడ పెద్దక్క అంటారు. ఆవిడ నాలుగు చీవాట్లు పెడుతుందనుకుంటే, కుర్చీ లాగి వేసింది.

"ఇవాళంతా నా పక్కన కూర్చోమ్మా. నేను చెప్తే ఏం తెలుస్తుంది?"

మధ్యాహ్నం పెద్దక్క ఒకాయనకు ఫోన్ చేసి, ముందు కూర్చోమని, పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగి, ఆయన భార్య ఫలితం మెల్లగా చెప్పింది. సరిగ్గా అప్పుడే అవతలి బల్ల దగ్గర ఎవరో దేనికో పకపకా నవ్వారు. పెద్దక్క ముఖం పాలిపోయింది.

"లేదు బాబూ, మిమ్మల్ని కాదు. ఎవరూ మిమ్మల్ని చూసి నవ్వడంలేదు."

ఆ నవ్వు తానే నవ్వినట్టు డిజైనరు కుంచించుకుపోయింది. ఫోన్ పెట్టేశాక, పాత గదులే మళ్లీ కట్టించేస్తానంది.

పెద్దక్క తల అడ్డంగా ఊపింది. "వద్దు తల్లీ. ఇలాంటి కబురు చెప్పాక గోడ వంక చూస్తూ కూర్చోవడం ఇంకా కష్టం. ఇన్నేళ్లూ అదే చేశాం. అప్పుడొక మనిషి ముఖం కనబడాలి."

మర్నాడు డిజైనరు పెద్ద పెద్ద అట్టపెట్టెలు తెచ్చి, కోసి, ఒక్కొక్కరి బల్ల చుట్టూ నిలబెట్టి చూసింది. కూర్చుంటే మాట బయటికి పోకూడదు, లేచి నిలబడితే అందరూ కనబడాలి. అందరిలోకీ పొడుగాయన తన తల ఎలాగూ పైకే ఉంటుంది కాబట్టి తనకు గోడ బదులు గొడుగు కట్టమన్నాడు. చాలా రోజుల తర్వాత ఆఫీసంతా ఒక్కసారి నవ్వింది. అయితే ఫోన్లో ఎవరూ లేరని చూసుకునే నవ్వారు. నాలుగు రోజులు కొలతలు మార్చి మార్చి, చివరికి శబ్దాన్ని పీల్చుకునే మందపాటి గుడ్డ పలకలు వేయించింది. బరువైన కబుర్లు చెప్పడానికి తలుపులున్న చిన్న గదులు రెండు కట్టించి, వాటి ముందే, కిటికీ పక్కన గుండ్రటి బల్ల వేయించింది.

నెల తర్వాత వెళ్లేసరికి పెద్దక్క అప్పుడే చిన్న గదిలోంచి బయటికొచ్చి, ఆ బల్ల దగ్గర కూర్చుంది. స్టోరు రూములో కనబడిన అమ్మాయి మంచినీళ్లు తెచ్చి పక్కనే కూర్చుంది. డిజైనరు కాసేపు ఆగి దగ్గరికెళ్లింది.

"ఆ రోజు మీరు తిట్టి పంపేసి ఉంటే, నాకు ఈ పని ఎప్పటికీ వచ్చేది కాదు పెద్దక్కా."

"నువ్వు తప్పు ఒప్పుకుని కూర్చున్నావుగా. మా మాట విన్నవాళ్లు నీకంటే ముందు ఎవరూ లేరు తల్లీ."

డిజైనరు పక్కన కూర్చుని పెద్దక్క చెయ్యి పట్టుకుంది. పెద్దక్క ఇంకో ఫోన్ చేయడానికి లేచేదాకా ముగ్గురూ అలాగే కూర్చున్నారు.