ఎత్తని చెయ్యి

నిత్యానందం మాస్టారు ఆడవాళ్ల పక్షం మనిషని వట్లూరులో అందరూ చెప్పుకునేవారు. కూతురు రమ్యకు స్కూటీ నేర్పింది ఆయనే. భార్య హన్నమ్మ చర్చిలో స్త్రీల కూడికకు వెళ్తే అన్నం తానే వండుకునేవారు. వండుకున్నానని నలుగురికీ చెప్పుకునేవారు కూడా.

అందుకే సంఘపెద్దల్లో ఒక ఆడమనిషి ఉండాలని పాస్టరు ఆనంద్ పాల్ గారితో అన్నదీ, హన్నమ్మ పేరు ఇచ్చిందీ మాస్టారే అంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. హన్నమ్మ మాత్రం ఆ వారమంతా ఏ పని చేస్తున్నా లోలోపల నవ్వుకుంటూనే ఉంది. ఇన్నేళ్లూ ఆ చర్చిలో చాపలు పరిచింది, బల్ల గుడ్డలు ఉతికింది. ఒక్కసారి పెద్దల వరసలో కూర్చోవాలని ఆమెకు నిజంగానే ఉంది.

అక్కడ పెద్దలను ఎన్నుకోవడానికి మగవాళ్లే చేతులెత్తుతారు. ఆడవాళ్లు ఎడమవైపు చాపల మీద చూస్తూ కూర్చుంటారు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు హన్నమ్మ పేరు చదివారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి వరదానానిది. నడిబజార్లో పెళ్లాన్ని నోటికొచ్చినట్టు తిట్టే వరదానానిది! మాస్టారు బిత్తరపోయారు. తానూ ఎత్తబోయారు. అంతలో బలిపీఠం పక్కన పెద్దల కుర్చీలు కనిపించాయి. హన్నమ్మ అక్కడ, తాను కింద చాప మీద. ఎంత పిచ్చి ఆలోచన అనుకున్నారు. అనుకుంటూ ఉండగానే లెక్క అయిపోయింది. ఒక్క చెయ్యి తక్కువై హన్నమ్మ ఓడిపోయింది.

వరదానం ఊరుకునే రకమా? గుమ్మం దాటగానే, ఇదేంటి మాస్టారూ అని నిలదీశాడు. ఆయన వంగి చెప్పులు వెతుక్కోసాగారు.

"ఆయనకి కుడి భుజం పట్టేసిందండీ. చెయ్యి లేవట్లేదు" అంది హన్నమ్మ పక్కనుంచి.

దారిపొడుగునా మాస్టారికి ఏమీ అంతుబట్టలేదు. తన చెయ్యి ఎందుకు లేవలేదు? వరదానానిది ఎందుకు లేచింది? హన్నమ్మ తనను కాపాడిందా, తిట్టిందా? ఆమె నిజంగానే నొప్పి అనుకుందేమోనని ఓ పక్క ఆశ, అలా ఆశపడ్డందుకు ఇంకో పక్క సిగ్గు.

ఇంటికి రాగానే ఆమె నొప్పుల మందు తెచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన చొక్కా గుండీలు విప్పి, ఏ నొప్పీ లేని భుజాన్ని ఆమెకు అప్పగించారు. ఆమె నెమ్మదిగా, ఓపిగ్గా రాసింది. మూత బిగించి లేస్తూ అంది.

"ఎడం చెయ్యి బాగానే ఉంది గదండీ."